జ్వరం, కదలని కాలు: పిల్లల ఎముకల్లో, కీళ్లలో పట్టే చీము

బిడ్డ కాలు కింద మోపడం లేదంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో ముందుగా పుట్టే ప్రశ్న "ఎక్కడ పడ్డాడు?" అన్నదే. నాలుగేళ్ల పిల్లవాడు రోజుకు పదిసార్లు పడతాడు కనుక ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ దొరుకుతుంది: అరుగు మీదినుంచి దూకాడు, సైకిలు మీదినుంచి జారాడు, బడిలో ఎవరో నెట్టారు. జవాబు దొరకగానే వైద్యమూ దానికి తగ్గట్టే మొదలవుతుంది. నూనె రాసి తోముతారు, వావిలాకు కాపడం పెడతారు, ఊళ్లో బెణుకులు సరిచేసే పెద్దాయనకు చూపిస్తారు, అదీ కుదరకపోతే బస్సెక్కి పోయి పుత్తూరు కట్టు వేయించుకొస్తారు. ఎముక విరిగినప్పుడు పుత్తూరు కట్టు మీద ఈ ప్రాంతానికి ఉన్న నమ్మకం తరాల నాటిది, దాన్ని ఇక్కడ తర్కించవలసిన పని లేదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఆ బిడ్డకు జ్వరం కూడా ఉందా? జ్వరంతో పాటు ఒక్క కాలో ఒక్క చెయ్యో కదపలేని బిడ్డను చూసినప్పుడు, కాదని తేలేదాకా, ఎముకలోనో కీలులోనో చీము పడుతున్నదనే అనుకోవాలి. ఈ జబ్బులో కాలాన్ని లెక్కపెట్టవలసింది రోజులతో, కొన్ని కీళ్ల విషయంలో గంటలతో. పడిన చోటు వెతకడంలో పోయే నాలుగైదు రోజులే ఆ బిడ్డ జీవితాంతం సరిగా నడుస్తాడా, కుంటుతాడా అన్నది తేల్చేస్తాయి.

పైన గాయం లేకుండా లోపలి ఎముకకు చీము ఎలా చేరుతుందన్నది తల్లిదండ్రులకు అంతుపట్టని విషయం. పిల్లల్లో చాలావరకు అది రక్తం ద్వారా చేరుతుంది. పిర్ర మీది సెగ్గడ్డ, గోకి పుండు చేసుకున్న దోమకాటు, గొంతు నొప్పి, పసిగుడ్డుల్లో బొడ్డు దగ్గరి చెమ్మ వంటి చిన్న చిన్న చోట్ల నుంచి, ఒక్కోసారి ఎక్కడినుంచో తెలియకుండానే, సూక్ష్మక్రిములు రక్తంలోకి దిగుతాయి. వాటిలో ప్రధానమైనది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, సెగ్గడ్డలు లేపేది కూడా అదే. ఎదిగే పిల్లల పొడుగాటి ఎముకలకు కొసన గ్రోత్ ప్లేట్ అనే మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. ఆ పొర కిందికి వచ్చిన సన్నని రక్తనాళాలు ముందుకు పోయే దారి లేక వంపు తిరిగి వెనక్కి మళ్లుతాయి. కాలువ మలుపు తిరిగేచోట నీటి వేగం తగ్గి ఒండ్రు పేరుకున్నట్లు, ఆ వంపుల దగ్గర రక్తం నెమ్మదించి క్రిములు దిగబడతాయి, వాటిని మింగేసే రక్షక కణాలు కూడా అక్కడ తక్కువే. అందుకే ఈ జబ్బు ఎక్కువగా మోకాలికి పైన తొడ ఎముక కింది కొసలోనూ, మోకాలికి కింద ముంగాలి ఎముక పైకొసలోనూ, భుజం దగ్గరా కనిపిస్తుంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ.

ఇక్కడ పడిపోవడం గురించి ఒక మాట చెప్పుకోవాలి. తల్లి చెప్పే ఆ మాట అబద్ధం కానక్కరలేదు. కుందేళ్ల మీద చేసిన ప్రయోగాలలో, రక్తంలోకి క్రిములను ఎక్కించడంతో పాటు ఎముక కొసకు చిన్న దెబ్బ కూడా తగిలిస్తే, దెబ్బ తగిలిన చోటే క్రిములు సులువుగా స్థిరపడ్డాయి. దెబ్బకు లోపల చిట్లిన రక్తనాళం వాటికి ఆశ్రయమిస్తుంది. కనుక "పడ్డాడు" అన్నది నిజమై ఉండి కూడా జబ్బు బెణుకు కాకపోవచ్చు. బెణుకు నొప్పి మొదటిరోజు ఎక్కువగా ఉండి రోజురోజుకూ తగ్గుతుంది, దానికి జ్వరం రాదు. చీము నొప్పి మొదటిరోజు కంటే రెండోరోజు, రెండోరోజు కంటే మూడోరోజు ఎక్కువవుతుంది, బిడ్డ ఆటలు మాని, అన్నం మాని, ఆ కాలిని ఎవరూ ముట్టుకోకుండా చేతులు అడ్డం పెట్టుకుంటాడు. ఈ తేడాను గుర్తుపట్టడానికి ఏ పరీక్షా అక్కరలేదు.

ఎముక లోపల పడిన చీముకు సాగే చోటు ఉండదు. చర్మం కింది గడ్డ ఉబ్బగలదు, గట్టి గోడల మధ్య ఉన్న ఎముక ఉబ్బలేదు. లోపలి ఒత్తిడి పెరిగి చీము ఎముకలోని సన్నని సందుల గుండా బయటికి తోసుకువచ్చి, ఎముకను కప్పి ఉండే పైపొరను లేపేస్తుంది. పిల్లల్లో ఆ పొర మందంగానే ఉన్నా ఎముకకు గట్టిగా అంటుకుని ఉండదు కనుక చాలా దూరం లేస్తుంది. ఎముకకు రక్తం కొంత లోపలి నుంచి, కొంత ఈ పైపొర నుంచి అందుతుంది. లోపలిది ఒత్తిడితో మూసుకుపోయి, పైది పొర లేచిపోవడంతో తెగిపోయాక, మధ్యనున్న ఎముక ముక్క చచ్చిపోతుంది. రక్తం అందని ఆ ముక్కలోకి ఏ మందూ చేరదు. లేచిన పొర తన వంతుగా చుట్టూ కొత్త ఎముకను కట్టుకుంటూ పోతుంది. చచ్చిన ముక్క ఆ కొత్త గూటిలో చిక్కుకుని ఏళ్ల తరబడి చీమును పుట్టిస్తూనే ఉంటుంది. ముంగాలి మీద ఎముకకు అంటుకుపోయిన గుంట మచ్చ ఉండి, ఏడాదికో రెండేళ్లకో అది తెరుచుకుని చీము కారి, ఒక్కోసారి చిన్న ఎముక పలుకు కూడా బయటపడి మళ్లీ మూసుకుపోయే మనుషులు పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తారు. చిన్నతనంలో సరైన సమయానికి వైద్యం అందకపోవడమే చాలామందిలో దానికి కారణం.

కీలులో పడే చీము దీనికంటే తొందరపెట్టేది, అన్ని కీళ్లలోకీ తొంటి కీలు మరీ ప్రమాదకరమైనది. తొడ ఎముక తల, దాని మెడ, ఆ మెడలోని పెరిగే భాగం అంతా కీలు సంచి లోపలే ఉంటాయి. అందువల్ల అక్కడ ఎముకలో పడిన చీము నేరుగా కీలులోకి తెగుతుంది. సంచి నిండి ఒత్తిడి పెరిగితే తొడ ఎముక తలకు రక్తం తీసుకుపోయే సన్నని నాళాలు నలిగిపోతాయి. చీములోని ఎంజైములు ఎముకల చివరల ఉండే నున్నటి మృదులాస్థిని కరిగించడం గంటల్లోనే మొదలవుతుంది, ఒకసారి కరిగిపోయిన మృదులాస్థి తిరిగి మునుపటిలా రాదు. లండన్‌లో థామస్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు 1874లోనే పసిపిల్లల తొంటిని తినేసే ఈ జబ్బును వర్ణించాడు. బతికి బయటపడిన పిల్లల్లో తొడ ఎముక తల పూర్తిగా కరిగిపోయి, ఎక్స్-రేలో ఆ చోటు ఖాళీగా కనిపించే స్థితిని వైద్యులు ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. తొంటిలో చీము ఉన్న బిడ్డ ఒక ప్రత్యేకమైన భంగిమలో పడుకుంటాడు: మోకాలు కొద్దిగా ముడిచి, తొడను పక్కకు వాల్చి, పాదాన్ని బయటివైపుకు తిప్పి, కదలకుండా ఉంటాడు. సంచిలో ఎక్కువ చోటు దొరికి నొప్పి తగ్గే భంగిమ అదే కనుక శరీరం దాన్ని తానే ఎంచుకుంటుంది. ఆ కాలిని నిటారుగా చాపబోతే బిడ్డ కేకలు పెడతాడు. కాలు వంకరగా పెట్టాడని దాన్ని బలవంతంగా లాగి సరిచేసి కట్టు కట్టడం ఎంత హాని చేస్తుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. తొంటి నొప్పి ఒక్కోసారి మోకాలిలో ఉన్నట్లు అనిపిస్తుంది. పిల్లవాడు మోకాలు చూపిస్తాడు, అందరూ మోకాలినే పరీక్షించి బాగానే ఉందంటారు. మోకాలు నొప్పి అన్న ప్రతి బిడ్డకూ తొంటిని కూడా కదిలించి చూడాలన్నది ఎముకల వైద్యంలో పాత నియమం.

నెలల బిడ్డల్లో ఈ జబ్బు వేషం మారుస్తుంది. జ్వరం ఉండకపోవచ్చు, వాపు కొవ్వు మడతల్లో కనిపించకపోవచ్చు. నెలలు నిండకుండా పుట్టి, ప్రత్యేక విభాగంలో పెట్టెలో ఉండి, బొడ్డు ద్వారానో నరాల ద్వారానో గొట్టాలు ఎక్కించుకుని వచ్చిన పసిగుడ్డులకు ముప్పు మరీ ఎక్కువ. వారిలో దీన్ని మొదట పట్టుకోగలిగేది డాక్టరు కాదు, రోజూ నీళ్లు పోసే అమ్మమ్మో నాయనమ్మో. కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్లు పోసి, ఒళ్లు తుడిచి, రెండు చేతులూ రెండు కాళ్లూ మార్చి మార్చి కలిపి ఆడించే ఆ చేతులకు, నిన్న ఆడిన చెయ్యి ఇవాళ వాలిపోయి ఉండటం తెలుస్తుంది. మూత్రపు బట్ట మార్చేటప్పుడు ఒక్క కాలు ఎత్తగానే గుక్కపట్టి ఏడుస్తున్నదని తల్లికి తెలుస్తుంది. చెయ్యి పడిపోయిందని, పక్షవాతమని, దిష్టి తగిలిందని అనుకునే ఈ స్థితి నిజానికి పక్షవాతం కాదు, నొప్పికి భయపడి బిడ్డ ఆ అవయవాన్ని కదపకుండా ఉంచుకోవడమే. ఏడాది, ఏడాదిన్నర వయసు వరకు రక్తనాళాలు గ్రోత్ ప్లేట్‌ను దాటి ఎముక కొస వరకు పోతుంటాయి కనుక, ఈ వయసులో ఎముకలోని చీము కీలులోకి, కీలులోది ఎముకలోకి తేలిగ్గా పాకి, పెరిగే పొరనే దెబ్బతీస్తుంది. నీళ్లు పోసే మనిషి మాటను ఆసుపత్రిలో వయసు పైబడినవారి చాదస్తంగా కొట్టిపారేయకుండా వినడం వైద్యంలో భాగమే.

ఈ జిల్లాల్లో మరో ఆటంకం ఫ్లోరైడ్. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలకు వచ్చే జబ్బును మన దేశంలో తొలిసారిగా వైద్య పత్రికలో వివరించింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల రోగులను చూసి. ఆనాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరాయి గాని, బోరు నీళ్ల బాధ మాత్రం వాటిని వదలలేదు. పళ్ల మీద గోధుమరంగు చారలు, నడుము వంగిపోయిన పెద్దలు, మెట్లెక్కలేని మోకాళ్లు చూసి పెరిగిన ఊళ్లలో "కాళ్ల నొప్పులా, ఈ నీళ్లే కారణం" అన్న మాట దానంతట అదే వస్తుంది. అది చాలా సందర్భాలలో నిజం కూడా. అయితే ఫ్లోరైడ్ ఎముకల్లో ఏళ్ల తరబడి పేరుకుంటుంది, వెన్ను నుంచి మోకాళ్ల దాకా అన్నిచోట్లా నెమ్మదిగా బిగిస్తుంది, జ్వరం తేదు, నిన్న సాయంత్రం దాకా గోలీలాడిన పిల్లవాడి ఒక్క మోకాలిని తెల్లారేసరికి వాపెక్కించదు. రాత్రికి రాత్రి వచ్చిన ఒంటికాలి నొప్పిని నీళ్ల మీదికి నెట్టడం ఆ నీళ్లు చేసే అన్యాయానికి మరో అన్యాయాన్ని కలపడమే.

అన్నిటికంటే ఎక్కువగా దారి తప్పించేది సగం వైద్యం. జ్వరం చూసి ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు, మూడు రోజులకు యాంటీబయాటిక్ సిరప్ ఇస్తాడు. జ్వరం దిగుతుంది. రక్తంలోని క్రిములు కొన్ని చస్తాయి గాని కూడుకున్న చీము అలాగే ఉంటుంది, సిరప్ అయిపోయిన రెండు మూడు రోజులకు జ్వరం తిరిగి వస్తుంది. ఈలోగా మరో నష్టం కూడా జరిగిపోతుంది: ఆసుపత్రిలో రక్తం తీసి క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది పెరగదు, ఏ క్రిమో తెలియనప్పుడు ఏ మందు పనిచేస్తుందో ఊహించి ఇవ్వవలసి వస్తుంది. మామూలు మందులకు లొంగని ఎంఆర్‌ఎస్ఎ రకం స్టాఫిలోకాకస్ వ్యాపించి ఉన్న ఈ రోజుల్లో ఆ ఊహ తప్పితే మూల్యం పెద్దది. జ్వరం దిగినా బిడ్డ కాలు మోపకపోతే జబ్బు తగ్గలేదనే అర్థం. జ్వరం కంటే కాలే నమ్మదగిన సాక్షి.

ఆసుపత్రికి చేరాక ఎదురయ్యే తొలి ఉచ్చు ఎక్స్-రే. ఎముకలో మార్పు ఎక్స్-రేలో కనిపించాలంటే సాధారణంగా వారం నుంచి పదిరోజులు పడుతుంది. మూడోరోజు తీసిన ఎక్స్-రే చూసి "ఎముక బాగుంది, భయం లేదు" అని పంపించడం వల్ల నష్టపోయిన పిల్లలు తక్కువ కాదు. ఆ ఎక్స్-రే ఎముక విరగలేదని మాత్రమే చెప్పగలదు. మొదటి రోజుల్లో దారి చూపేవి రక్త పరీక్షలు, ముఖ్యంగా ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్‌ను కొలిచే సీఆర్‌పీ. అది గంటల్లోనే పెరగడం మొదలై రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది, వైద్యం పనిచేస్తుంటే వారం పది రోజుల్లో దిగివస్తుంది. రక్తంలోని ఎర్రకణాలు అడుగుకు దిగే వేగాన్ని కొలిచే ఈఎస్ఆర్ నింపాదిగా పెరిగి, తగ్గడానికి వారాలు తీసుకుంటుంది కనుక వైద్యం నడుస్తున్న తీరు తెలుసుకోవడానికి సీఆర్‌పీయే మేలు. తొంటి కీలులో నీరు చేరిందా లేదా అన్నది ఖర్చు తక్కువైన మామూలు అల్ట్రాసౌండ్ స్కానింగ్ చెప్పేస్తుంది. ఎముకలోని చీమును మొదటి రోజుల్లోనే స్పష్టంగా చూపేది ఎమ్మారై, అయితే చిన్నపిల్లలకు దానికోసం మత్తు ఇవ్వవలసి వస్తుంది. అది దొరకలేదని వైద్యాన్ని ఆపి కూర్చోకూడదు.

తొంటి నొప్పితో కుంటుతూ వచ్చే మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో అందరికీ చీము ఉండదు. జలుబో జ్వరమో తగ్గిన తరువాత తొంటిలో కొద్దిగా నీరు చేరి, వారం రెండు వారాల విశ్రాంతితో దానంతట అదే తగ్గిపోయే వాపే వీరిలో ఎక్కువ. రెంటినీ విడదీయడానికి బోస్టన్ వైద్యులు 1999లో నాలుగు గుర్తులను ప్రతిపాదించారు: 38.5 డిగ్రీల సెల్సియస్ పైబడిన జ్వరం, కాలు మీద బరువు మోపలేకపోవడం, ఈఎస్ఆర్ 40 దాటడం, తెల్లకణాలు 12,000 దాటడం. వారి లెక్కలో నాలుగూ ఉన్న బిడ్డకు చీము ఉండే అవకాశం నూటికి 99కి పైగా, రెండు ఉంటే దాదాపు 40, ఒక్కటీ లేకపోతే ఒకటి కంటే తక్కువ. తరువాత వేరే ఆసుపత్రుల్లో సరిచూసినప్పుడు ఈ అంకెలు అంత గట్టిగా నిలబడలేదు. మరికొందరు 2006లో సీఆర్‌పీ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటడాన్ని అయిదో గుర్తుగా చేర్చారు. ఇవి అనుమానాన్ని కొలిచే తూనికలే గాని తీర్పులు కావు. తీర్పు సూదిది: మత్తిచ్చి, కీలులోకి సూది దించి లాగినప్పుడు సిరంజిలోకి లేత పసుపు రంగులో పలుచని తేట నీరు వస్తే ఒక దారి, చిక్కగా, మబ్బుగా వస్తే వెంటనే కీలు తెరిచి కడగడం మరో దారి. తీసిన ద్రవంలో కొంత రక్తపు కల్చర్ సీసాలో కూడా వేయాలి. ఆరు నెలల నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కనిపించే కింగెల్లా కింగే వంటి క్రిములు మామూలు పద్ధతిలో పెరగవు, అలా చేస్తేనే దొరికే అవకాశం ఎక్కువ.

వైద్యంలో వరస ముఖ్యం. ముందు రక్తపు కల్చర్, వీలైతే చీము నమూనా, ఆ వెంటనే నరం ద్వారా యాంటీబయాటిక్. బిడ్డ పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం దేనికోసమూ మందును ఆపరు. క్లాక్సాసిలిన్, సెఫజోలిన్ వంటివి సాధారణంగా మొదట వాడతారు, ఎంఆర్‌ఎస్ఎ అనుమానం ఉంటే క్లిండామైసిన్, వాంకోమైసిన్ వంటివి చేరుస్తారు. ఎముకలో చీము గూడు కట్టక ముందే వచ్చిన బిడ్డకు మందులతోనే నయమయ్యే వీలుంది, చీము కూడుకున్నాక దాన్ని బయటికి తీయాల్సిందే. తొంటి విషయంలో ఆ పని అదే రోజు జరగాలి.

మందు ఎన్నాళ్లు వాడాలన్న దానిమీద ఇటీవలి మార్పు తల్లిదండ్రులకు ఊరటనిచ్చేది. ఒకప్పుడు ఆరు వారాల పాటు నరంలోకే ఎక్కించేవారు. ఫిన్లండ్ వైద్యులు 2010 ప్రాంతంలో ప్రకటించిన పరిశోధనలలో కొద్ది రోజులు నరంలోకి ఇచ్చి, జ్వరం, సీఆర్‌పీ దిగాక నోటి ద్వారా ఎక్కువ మోతాదులో కొనసాగిస్తూ, ఎముక జబ్బుకు మొత్తం 20 రోజులు, కీలు జబ్బుకు 10 రోజులు సరిపోవచ్చని తేలింది. ఈ అంకెలను మన పిల్లలకు ఉన్నపళంగా అన్వయించడం తొందరపాటే అవుతుంది. అవి త్వరగా ఆసుపత్రికి చేరిన, మామూలు మందులకు లొంగే క్రిములున్న పిల్లల లెక్కలు. ఉదయగిరి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రికో, గిద్దలూరు నుంచి ఒంగోలు రిమ్స్‌కో వారం దాటాక చేరే బిడ్డకు, నెలల పసికందుకు, ఎంఆర్‌ఎస్ఎ ఉన్నవారికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చిన సిరప్‌ను బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని మధ్యలో ఆపేస్తే, పైన చెప్పిన చచ్చిన ఎముక ముక్క కథ అక్కడినుంచే మొదలవుతుంది.

ఇదే ముసుగులో వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. గొంతు నొప్పి తరువాత రెండు మూడు వారాలకు ఒక కీలు తగ్గుతూ మరో కీలు వాస్తుంటే కీళ్లవాత జ్వరాన్ని అనుమానించి గుండెను పరీక్షించాలి. ఎముకల నొప్పులతో పాటు బిడ్డ పాలిపోయి, ఒంటిమీద నల్లమచ్చలు కనిపిస్తే రక్త కేన్సర్ కాదని తేల్చుకోవాలి. క్షయ అయితే నడక వేరు: నెలల తరబడి మోకాలో తొంటో వెన్నో కొంచెం కొంచెంగా వాచి బిగుస్తుంది, చీముగడ్డ లేచినా వేడిగా ఉండదు. పగలు నొప్పికి బిగబట్టిన కండరాలు నిద్రలో వదులైనప్పుడు కీలు కదిలి బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తాడు. రాత్రిపూట ఆ ఏడుపును పీడకలగా తీసుకోవడం సర్వసాధారణం. క్షయను తేల్చే పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, ఎముకల క్షయకు ఏడాది పాటో అంతకు మించో వాడవలసి ఉంటుంది. ఆ కాలంలో పోషకాహారానికి కేంద్రం నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు.

తొంటిలోనో గ్రోత్ ప్లేట్ దగ్గరో చీము పట్టిన బిడ్డ విషయంలో గాయం మానడంతో లెక్క ముగియదు. పెరిగే పొర ఒక పక్క దెబ్బతింటే కాలు వంకర తిరుగుతుంది, మొత్తం దెబ్బతింటే పొట్టిగా మిగిలిపోతుంది, ఆ తేడా మూడేళ్ల వయసులో కంటికి ఆనకపోయినా పదేళ్లు వచ్చేసరికి లాగు అంచుల్లో, చెప్పు అరుగుదలలో బయటపడుతుంది. అందుకే అటువంటి పిల్లలను మొదటి ఏడాదిలో కొద్ది నెలలకోసారి, ఆ తరువాత ఎముకల పెరుగుదల ఆగేదాకా ఏడాదికోసారి, పాత డిశ్చార్జి కాగితాలతో, మొదటి ఎక్స్-రేతో సహా ఎముకల డాక్టరుకు చూపించి రెండు కాళ్ల పొడుగూ కొలిపించాలి. చిన్న తేడా అయితే చెప్పులో మడమ ఎత్తు పెంచితే సరిపోతుంది, పెద్దది కాబోతోందని పెరుగుదల మిగిలి ఉండగానే తెలిస్తే మంచికాలి ఎదుగుదలను తగిన వయసులో చిన్న ఆపరేషన్‌తో ఆపి రెంటినీ సమం చేయవచ్చు. ఎదుగుదల ఆగిపోయిన తరువాత వస్తే మాత్రం ఎముకను కోసి నెలల తరబడి సాగదీసే పెద్ద వైద్యమే మిగులుతుంది.